నాలుగింటి ఆకలి

బడి గంట సాయంత్రం నాలుగింటికి కొడతారు. మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒంటిగంటకో తిన్న అన్నం అప్పటికి అరిగిపోయి ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిదింటికి. ఈ నాలుగ్గంటల సందులో పిల్లల కడుపులో ఏం పడుతోందో చూస్తే చాలు, ఆ తరం తిండి ఎలాంటిదో చెప్పేయొచ్చు. ఎనభైల్లో, తొంభైల మొదట్లో పల్లెటూళ్ళ బడిపిల్లలకి ఆ వేళకి దొరికినవి జామకాయలు, రేగిపళ్ళు, సీమచింతకాయలు, ముంజెలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఇప్పుడు దొరుకుతున్నవి కొట్టు ముందు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు.

ఆ తరం వాళ్ళు కలిసినప్పుడల్లా ఒక మాట అంటుంటారు, "మా రోజుల్లో పిల్లలు ఏది పెడితే అది తినేవాళ్ళు" అని. అందులో సగమే నిజం. అప్పటి పిల్లలేమీ బుద్ధిగా పళ్ళు తిన్నవాళ్ళు కారు. పళ్ళు తినమని వాళ్ళకి ఎవరూ చెప్పనూ లేదు, పైగా తింటే తిట్టేవాళ్ళు. ఆకలేసే వేళకి, నడిచే దారిలో, చేతికందే ఎత్తులో, పైసా ఖర్చు లేకుండా ఉన్నవి అవే. ఆ వేళా, ఆ దారీ, ఆ ఎత్తూ ఈ రోజు ప్యాకెట్ ఆక్రమించింది. పిల్లలు ఎప్పటిలాగే అందినదాన్ని తింటున్నారు.

ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉండేది. సంక్రాంతి ముందు నుంచే రేగిపళ్ళు. భోగినాడు నెత్తిన పోసినవి ఏరుకుని తిన్నాక కూడా నెల్లాళ్ళు కంపల మీద మిగిలే ఉండేవి. అవే రోజుల్లో తేగలు. శివరాత్రి దాటితే సీమచింత. ఉగాదికి మామిడి పిందెలు, వాటికి ఉప్పూకారం పొట్లం. ఎండలు ముదిరితే ముంజెలు, ఆ వెనకే ఈతపళ్ళు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపైతే జీడిమామిడి పళ్ళు, పనస తొనలు. తొలకరి పడ్డాక నేరేళ్ళు. వినాయక చవితికి వెలక్కాయ, దసరాకి సీతాఫలం, కార్తీకంలో ఉసిరి. పాలమూరు గుట్టల్లో పిల్లలకి సీతాఫలం కొనుక్కునే పండని తెలిసేదే కాదు. నల్లమలలోనూ ఆదిలాబాదు అడవి ఊళ్ళలోనూ మొర్రిపళ్ళు, తునికిపళ్ళు అదనం. ఇవి కాక చేలగట్ల మీద కామంచి, పొదల్లో కలేపళ్ళు, పరికిపళ్ళు. చాలావాటికి అంగట్లో ధరే లేదు.

సీమచింతకి దోటి కావాలి. వెదురు గడ కొసకి వంకీ తిరిగిన పుల్ల కట్టి, కాయ తొడిమ దగ్గర తగిలించి మెలి తిప్పాలి. ఊరికే లాగితే ముళ్ళకొమ్మ మొహం మీద పడుతుంది. కాయ చుట్ట తిరిగి, తొక్క కాస్త ఎర్రబడి, దానంతట అదే విచ్చుకుంటే లోపలి పప్పు తియ్యగా ఉంటుంది. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే నాలుక మొద్దుబారేంత వగరు. నేరేళ్ళకీ ఆ వగరే. మూత ఉన్న డబ్బాలో పళ్ళు పోసి, చిటికెడు ఉప్పేసి, గట్టిగా కుదిపితే తొక్క చిట్లి ఉప్పు లోపలికి దిగుతుంది, వగరు తగ్గుతుంది. ఆ కిటుకు బళ్ళో సీనియర్ల దగ్గర నేర్చుకునేదే.

తేగల కథ ఇంకా పొడుగు. భాద్రపదంలో తాటిపళ్ళు తినేశాక టెంకల్ని పెరట్లో ఇసుక కలిసిన మట్టిలో పరిచి పాతర వేసేవాళ్ళు. మూడు నెలలు పైన గడిచాక తవ్వితే వేలెడు లావున తేగ దిగి ఉంటుంది. టెంక పగలగొడితే బుర్రగుంజు. తేగల్ని కుండలో పెట్టి కాలుస్తారు, లేదా ఉప్పేసి ఉడకబెడతారు. నిలువుగా చీలిస్తే మధ్యలో సన్నటి పుల్లలాంటి 'చందమామ', దానికోసం అన్నాచెల్లెళ్ళ మధ్య కొట్లాట. ముదిరిన తేగ నారనారగా పళ్ళలో ఇరుక్కుంటుంది, అందుకే సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకే వాటి మీద మోజు తీరిపోయేది. ఇప్పటి పిల్లల తిండిలో కరువైపోయిన పీచు అప్పట్లో ఇలా తెలియకుండా కడుపులోకి వెళ్ళేది.

బడి గేటు ముందు అమ్మకాలు అప్పుడూ ఉండేవి. గంప ముందు పెట్టుకుని కూచున్న ముసలమ్మ జామకాయని నాలుగు వైపులా కోసి, గాట్లలో ఉప్పూకారం దట్టించి ఇచ్చేది. పక్కన సీసాలో రేగివడియాలు. ఇవి ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. బాగా పండి కాస్త వడిలిన రేగిపళ్ళు కిలో తీసుకుని, కడిగి, తడి ఆరేదాకా నీడన పెట్టాలి. రేగిపండులో పురుగుండడం మామూలే, మెత్తబడి నల్లమచ్చ ఉన్నవాటిని విరిచి చూసి పారేయాలి. రోట్లో వేసి గింజ పగలకుండా పైపైన నలగ్గొట్టాలి. గింజ పగిలితే పెంకులు పళ్ళ కింద పడతాయి, మిక్సీలో చేసినవాటికి వచ్చే తంటా ఇదే. పావుకిలో బెల్లం, ఆరేడు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, తగినంత కల్లుప్పు వేసి మళ్ళీ నాలుగు పోట్లు వేస్తే ముద్దవుతుంది. చిన్న బిళ్ళలుగా తట్టి మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టాలి, రెండో రోజు తిరగేయాలి. మందంగా తట్టారంటే పైన ఎండినట్టే ఉండి మధ్యలో చెమ్మ మిగులుతుంది, సీసాలో పెట్టిన వారానికి బూజు. బెల్లం ఉంది కాబట్టి పిడికెళ్ళతో తినేది కాదు, రోజుకి రెండు బిళ్ళలు చాలు.

ఇంత చెప్పుకున్నాక ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో అంతా బంగారమేం కాదు. పళ్ళేలు చూస్తే వరన్నం, పచ్చడి, చారు, మజ్జిగ. కూర ఉంటే ఒకటి, అదీ పెద్దవాళ్ళకి వడ్డించాక మిగిలినంత. ఎ విటమిన్ లోపంతో, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కళ్ళు కనపడని రేచీకటి పిల్లలు చాలా ఊళ్ళల్లో ఉండేవాళ్ళు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో పిల్లలకి ఆరునెలలకొకసారి ఎ విటమిన్ పెద్ద మోతాదులో పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది. తోటకూర, మునగాకు, బొప్పాయి పెరట్లోనే ఉన్న దేశంలో విటమిన్‌ని సీసాలో పెట్టి ఊరూరా పంచాల్సి వచ్చింది. కాబట్టి పాత పళ్ళెం మీద మరీ బెంగ పెట్టుకోనక్కర్లేదు. బెంగ పెట్టుకోవాల్సింది పళ్ళెం బయట తిన్నదాని గురించి.

ఆ బయటి తిండి పోవడానికి రుచి మారడం ఒక్కటే కారణమంటే ఒప్పుకోవడం కష్టం. పెద్ద కారణం నడక పోవడం. కిలోమీటరో రెండో నడిచి ఇంటికొచ్చే పిల్లలకి చెరువుగట్టూ, తోపూ, పాడుబడ్డ గుడి వెనక నేరేడు చెట్టూ దారిలో తగిలేవి. ఇప్పుడు వ్యాను బడి గేటులో ఎక్కించుకుని ఇంటి గేటులో దింపుతుంది. మధ్యలో చెట్టున్నా అద్దంలోంచి చూడ్డమే. రోడ్లు వెడల్పు చేసినప్పుడు సీమచింతలు పోయాయి, ముళ్ళకంపలని రేగిచెట్లు కొట్టేశారు, మామిడితోపులు లేఅవుట్లు అయ్యాయి. మిగిలిన చెట్టుకి ప్రహరీ, ప్రహరీ మీద గాజుపెంకులు. ఇక పిల్లల చేతికి అందేది వీధి చివర కొట్టొకటే. అక్కడ జామకాయ పది రూపాయలు, ప్యాకెట్ అయిదు.

ఆ ప్యాకెట్ పనేమిటో లెక్కేస్తే తెలుస్తుంది. చిప్స్ వంద గ్రాములకి 530 నుంచి 550 కిలో క్యాలరీలు, అందులో మూడో వంతు బరువు నూనే. ముప్పై గ్రాముల చిప్స్ అంటే సుమారు 160 క్యాలరీలు. అరవై గ్రాముల చిప్స్, పైన పంచదారా మాల్టు పొడీ కలిపిన గ్లాసుడు పాలు, రెండు క్రీమ్ బిస్కెట్లు: సాయంత్రం అయిదున్నరకల్లా 500 దాటిపోతుంది. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి రోజు మొత్తానికి కావలసింది 1360 అని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మూడో వంతు పైగా సాయంత్రమే అయిపోయిన పిల్లాడు ఎనిమిదింటికి బీరకాయ కూర చూసి మొహం తిప్పుకోకుండా ఎలా ఉంటాడు? కూరని తిట్టి లాభం లేదు, వాడికి ఆకలి లేదు. తల్లి కంగారుపడి గుడ్డు వేయించి పెడుతుంది, లేదా రెండు నిమిషాల నూడుల్స్. రెండు రోజులు ఇలా జరిగితే మూడో రోజు బీరకాయ వద్దంటే నూడుల్స్ వస్తాయని వాడికి పాఠం వచ్చేస్తుంది.

పానీయాల సంగతి ఇంకా దారుణం. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే ఏడెనిమిది టీ చెంచాలు. మామిడిపండు బొమ్మ వేసిన డబ్బా మంచిదనుకుంటారు. నిబంధనల ప్రకారం పదో వంతు పండ్లరసం ఉంటే 'ఫ్రూట్ డ్రింక్' అని రాసుకోవచ్చు, మిగిలింది చాలావరకు చక్కెర నీళ్ళు. పాలల్లో కలిపే మాల్టు పొడుల్ని 'హెల్త్ డ్రింక్' అనే వర్గంలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పింది, ఆ పేరుకి చట్టంలో నిర్వచనమే లేదు కాబట్టి. ప్యాకెట్ వెనక చూసేటప్పుడు రెండు విషయాలు: పదార్థాల పట్టికలో ముందున్నదే ఎక్కువ మోతాదులో ఉన్నది. పోషకాల అంకెలు ఎక్కువగా వంద గ్రాములకి రాస్తారు, ప్యాకెట్ బరువుకి లెక్కకట్టి చూసుకోవాలి. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ వంటి పేర్లన్నీ పంచదార బంధువులే.

మరి ఎంత తినాలి? రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకి పళ్ళూ కూరగాయలూ కలిపి రోజుకి కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళకి 350, పదేళ్ళు దాటితే పెద్దవాళ్ళతో సమానంగా 400 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బంగాళదుంప, చిలగడదుంప ఈ లెక్కలోకి రావు, మన ఇళ్ళల్లో పిల్లలు మారాం చేయకుండా తినే కూర అదొక్కటే అయినా సరే. 350 అంటే భయపడక్కర్లేదు. మధ్యరకం జామకాయ 150 గ్రాములు. తొక్క తీసిన చక్కెరకేళి అరటిపండు 70, 80 ఉంటుంది. అంటే సాయంత్రం ఒక జామ, పొద్దున ఒక అరటిపండు పడితే మూడింట రెండొంతులు అయిపోయినట్టే. మిగిలిన 120 గ్రాములు రెండు పూటల కూరలో రావాలి. జామలో వంద గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైనే సి విటమిన్ ఉంటుంది, కమలా దానికి దరిదాపుల్లోకి రాదు. ఖరీదైన కివీ కోసం వెతుక్కోనక్కర్లేదు.

నాలుగింటి ఆకలి తీర్చడానికి పండొక్కటే చాలదు, అరగంటకే మళ్ళీ ఆకలంటారు. పండుతో పాటు గింజ ఉండాలి. పొద్దున్నే నానబోసిన శనగలు, బొబ్బర్లు (అలసందలు) ఏవైనా ఒక్కో పిల్లకి ముప్పై గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. సాయంత్రానికి నాని ఉంటాయి, కుక్కర్‌లో నాలుగు విజిళ్ళు. ఉప్పు ఉడికేటప్పుడు వేస్తే తోలు గట్టిపడుతుందని కొందరంటారు, తర్వాత వేసినా రుచికి తేడా లేదు. తాలింపు చెంచాడు నూనెతో సరి. దించాక పచ్చిమామిడి తురుము, కీరా ముక్కలు, కారట్ తురుము కలిపి నిమ్మకాయ పిండాలి. ముందే కలిపి పెడితే కీరా నీరు కారి గుగ్గిళ్ళు చప్పబడతాయి, పిల్లలు వచ్చాకే కలపాలి. ఉడికించిన వేరుశనక్కాయలు, మొక్కజొన్న పొత్తు, చిలగడదుంప కూడా ఆ వేళకి మంచివే. అయిదేళ్ళ లోపు పిల్లలకి మాత్రం వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్షలు అలాగే ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. గింజల్ని పొడిచేసి, ద్రాక్షని నిలువుగా చీల్చి ఇవ్వాలి.

ఇంకొక్క చిన్న పని: పళ్ళు ఫ్రిజ్ కింది అరలో కవర్లో ఉంటే లేనట్టే. కడిగి, కోసి, పిల్లల కంటికి ఎదురుగా బల్ల మీద పెట్టాలి. బొప్పాయి మొత్తం కాయగా ఉన్నన్నాళ్ళూ ఎవరూ ముట్టరు, ముక్కలు చేసి గిన్నెలో పెడితే అరగంటలో ఖాళీ. కార్బైడ్ భయంతో మామిడిపళ్ళు కొనడం మానేసిన ఇళ్ళున్నాయి. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధమే, అయినా భయముంటే గట్టి కాయలు తెచ్చి బియ్యం డబ్బాలోనో ఎండుగడ్డిలోనో మగ్గబెట్టుకోవచ్చు. ముదిరిన కాయైతే నాలుగైదు రోజుల్లో వాసన వస్తుంది. లేతగా కోసిన కాయ ఎన్నాళ్ళుంచినా ముడతలు పడుతుందే తప్ప తీపెక్కదు. కొనేటప్పుడే తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి ఉన్నదాన్ని ఏరుకోవాలి.

ఇక కూరల దగ్గరికి వద్దాం. మన కూరల్ని పిల్లలు తినకపోవడానికి పెద్దలు ఆలోచించని కారణం కారం. నాలుగేళ్ళ పిల్ల నోటికి గుంటూరు కారం మండుతుంది, ఆ మంటని పిల్ల వంకాయ ఖాతాలో రాసుకుంటుంది. మంటలేని తిండి ప్యాకెట్లోనూ నూడుల్స్‌లోనూ దొరుకుతుంది, అటు పోతుంది. పూర్వం పెద్ద కుటుంబాల్లో నాయనమ్మలు కారం వేయకముందే పసిపిల్లల వాటా గిన్నెలోకి తీసి, కాస్త వెన్న వేసి పక్కన పెట్టేవాళ్ళు. నన్నడిగితే పాత అలవాట్లలో ముందుగా తిరిగి తెచ్చుకోవలసింది ఇదే.

ఆకుకూర పప్పు పిల్లలకి అన్నిటికన్నా సులువైన దారి, కానీ చాలా ఇళ్ళల్లో అందులో ఆకు పేరుకే ఉంటుంది. నలుగురికి 150 గ్రాముల కందిపప్పు అనుకుంటే, ఏరి కడిగిన తోటకూర పావుకిలో పడాలి. పచ్చిగా చూస్తే గిన్నె నిండిపోయి ఎక్కువనిపిస్తుంది, ఉడికితే నాలుగో వంతుకి కుంగిపోతుంది. పప్పు పసుపుతో మెత్తగా ఉడికాకే ఆకు వేయాలి. చింతపండు పులుసు అన్నిటికన్నా చివర. ముందే పులుపు తగిలితే పప్పు ఎంతసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే మిగులుతుంది, ఆకు రంగు కూడా గోధుమరంగుకి తిరుగుతుంది. చుక్కకూర, గోంగూరలకి సొంత పులుపే ఉంది కాబట్టి వాటిని విడిగా మగ్గించి కలపాలి. పైన అర చెంచా నెయ్యి దండగ అనుకోవద్దు, ఆకులోని కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది ఇదే) ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. అన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే దానికి ఎదురు పని జరుగుతుంది. పల్లెల్లో పొద్దున్నే పిల్లలకి చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం ఇప్పటికీ ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని తేలింది. దీనికి ఒక్క చాయే కారణం కాదు గానీ, చాయ్ వాటా కూడా ఉంది.

కొనే ఆకుకూరలు నాలుగైదు రకాలకి కుదించుకుపోయాయి. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, గునుగు, తుమ్మికూర చేలల్లో కలుపుతో పాటు వచ్చేవి. కలుపు తీయడానికి వెళ్ళిన ఆడవాళ్ళ కొంగులో రాత్రి కూరకి సరిపడా ఇంటికొచ్చేవి. కలుపు మందు వచ్చాక ఆ కూర అంతా చేలోనే మాడిపోతోంది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు ఈ సాగు చేయని ఆకుల్ని ఇంకా గుర్తుపట్టి వండుతున్నారు.

వేపుళ్ళ విషయంలో బెండకాయ ఒక పరీక్ష. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక కోయాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా జిగురు, జిగురు తగిలితే పిల్లలు మళ్ళీ నెల్లాళ్ళు బెండకాయ ముట్టరు. కాకరకాయ ఆరేడేళ్ళ దాకా తొందరపడి పెట్టకపోయినా నష్టం లేదు.

కొత్త కూరని చూసి వద్దనడం రెండు నుంచి ఆరేళ్ళ మధ్య సహజం. ఎనిమిది నుంచి పదిహేను సార్లు పళ్ళెంలో కనబడితే గానీ చాలామంది పిల్లలు దాన్ని తమదనుకోరు. మన వాళ్ళు రెండోసారికే "వీడు దొండకాయ తినడు" అని ముద్ర వేసేస్తారు, చుట్టాలందరికీ చెప్తారు, వాడూ అదే నమ్ముతాడు. చేయాల్సింది ఇష్టమైన అన్నం పక్కన రెండే రెండు ముక్కలు పెట్టి, తిన్నావా అని అడగకుండా ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే కష్టం. కూర తింటే చాక్లెట్ ఇస్తానంటే కూర శిక్షనీ, చాక్లెట్ బహుమతనీ మనమే నేర్పినట్టు. తురిమి పిండిలో దాచడం తప్పేం కాదు, గోధుమపిండిలో పాలకూర, దోసెపిండిలో కారట్ కలిపితే మోతాదు పెరుగుతుంది. కానీ కనపడని రుచి అలవాటు కాదు, అందుకని రోజుకొక ముక్క కంటికి కనిపించాల్సిందే. పూర్వం మెంతికూర కోయడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, గోంగూర తుంచడం పిల్లల పనే. చేత్తో ముట్టుకున్న కూర పళ్ళెంలో కొత్తగా అనిపించదు.

డబ్బా కట్టేవాళ్ళకి తెలిసిన బాధలు వేరు. వేడివేడిగా మూత బిగిస్తే ఆవిరి నీరై వేపుడు మెత్తబడిపోతుంది, పది నిమిషాలు ఆరనివ్వాలి. ముల్లంగి, క్యాబేజీ మూత తీయగానే వాసనేస్తాయి, పక్కవాడు ముక్కు మూసుకుంటే ఆ పిల్ల ఇంక ఆ కూర ఇంట్లో కూడా తినదు, కాబట్టి అవి ఆదివారానికి ఉంచుకోండి. భోజనానికి ఇచ్చేది ఇరవై, ముప్పై నిమిషాలు. తొక్క తీయాల్సిన బత్తాయి, కమలా అలాగే ఇంటికి తిరిగొస్తాయి. ఒలిచి, తొనలు విడదీసి, పొద్దుటి చిన్న విరామంలో తినేలా విడిగా పెట్టాలి. కోసిన జామ నల్లబడకుండా నిమ్మరసం రాయాలి.

ప్రభుత్వ బడుల్లో ఈ బాధ్యత మధ్యాహ్న భోజనానిది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి అది మొదలైంది. లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకి 50 గ్రాముల కూరగాయలు, ప్రాథమికోన్నత తరగతుల్లో 75 గ్రాములు. అరవైమంది చిన్నపిల్లలుంటే మూడు కిలోలు. సాంబారులో మునగముక్కలు, సొరముక్కలు వేస్తే ఆ మూడు కిలోల్లో చాలా భాగం పళ్ళెం అంచుకి చేరి, చేయి కడిగే చోట కాలవలో పడుతుంది. సొరకాయని పప్పులోనే ఉడికించి మెదిపేస్తే, టమాటా, గుమ్మడి కలిపి ముద్దగా వండితే వదిలేది తక్కువ. వండేది డ్వాక్రా అక్కలే కాబట్టి వాళ్ళకి ఈ సంగతి తెలుసు, కూరగాయల ధర పెరిగిన నెలలో బిల్లు ఆలస్యమైతే చేతులు కట్టేసినట్టవుతుంది. గుడ్డు, చిక్కీ, రాగిజావ వచ్చాయి, సంతోషం. పళ్ళకి మాత్రం ఆ లెక్కలో చోటు లేదు.

బడి గేటు నుంచి 50 మీటర్లలోపు కొవ్వూ ఉప్పూ చక్కెరా ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. టేపు పట్టుకుని కొలిచిన వాళ్ళెవరూ కనపడరు. సీబీఎస్‌ఈ 2025లో బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది, ఏ పానీయంలో ఎన్ని చెంచాలుందో గోడ మీద కనపడేలా. అది పనికొచ్చే పనే, బోర్డు పక్కనే తినడానికి ఇంకేదైనా దొరికితే.

ఆ ఇంకేదైనా బడి ఆవరణలోనే పెంచొచ్చు. 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యాశాఖ) పోషక తోటలకి మార్గదర్శకాలిచ్చింది. ఉత్సాహంగా నాటిన మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది మాత్రం మూడు కారణాలతో. బొప్పాయి తొమ్మిది, పది నెలల్లో కాపుకొస్తుంది గానీ నాటు విత్తనమైతే మగచెట్లు పడతాయి. గుంతకి మూడేసి మొక్కలు పెట్టి, పూత వచ్చాక మగవాటిని తీసేసి, పది చెట్లకి ఒక్కటి ఉంచాలి. ఈ గొడవ వద్దనుకుంటే రెడ్ లేడీ రకం. ఆరడుగుల ఎడం, కాండం చుట్టూ మట్టి ఎగదోయడం తప్పనిసరి, నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళి వారంలో ఒరిగిపోతుంది, మొదటి కారణం ఇదే. రెండో కారణం మునగకి పట్టే పురుగు. మునగలో పీకేఎం-1 రకం విత్తనంతోనే ఆరు నెలలకి కాస్తుంది, కానీ వానాకాలం గొంగళిపురుగులు పడితే పిల్లల ఒళ్ళంతా దద్దుర్లు, మరుసటి రోజే హెడ్‌మాస్టారు చెట్టు కొట్టించేస్తారు. ఏటా కాపు అయ్యాక మూడడుగుల ఎత్తుకి నరికి, చెట్టుని చేతికందేలా ఉంచుకుంటే గుంపుగా ఉన్నప్పుడే పురుగుల్ని కాగడాతో కాల్చేయొచ్చు. జామ అంటు రెండేళ్ళకి కాస్తుంది, మొదటి ఏడాది వచ్చిన పూత గిల్లేయాలి.

మూడో కారణం అన్నిటికన్నా మామూలుది. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండో వారానికి తెరుస్తారు. ఆ యాభై రోజుల ఎండలో మొక్కకి రెండు రోజులకొకసారి బిందెడు నీళ్ళు కావాలి. బడి పక్కనే ఇల్లున్న మనిషితో మార్చిలోనే మాట్లాడుకుని, కుళాయి తాళంచెవి కూడా అప్పుడే ఇచ్చేయాలి.